ముసురులో కొండెక్కిన ఆదివారం

మా ఆయనకు గుండెలో స్టెంట్ వేసి అప్పటికి ఆరు నెలలు కావస్తోంది. ఆటోనగర్‌లో ఆయనకు చిన్న లేత్ షాపు ఉంది. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం షాపులోనే ఛాతీ పట్టుకుని కూలబడిపోతే పక్క షాపువాళ్ళు ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నేనప్పుడు గాజువాకలో మా బడిలో ఐదో తరగతి పిల్లలకు భాగహారాలు చెబుతున్నాను. ఫోన్ రాగానే చేతిలో సుద్దముక్కతోనే పరుగెత్తాను. ఆపరేషన్ గది బయట కూర్చున్నాక గానీ అది ఇంకా నా పిడికిట్లోనే ఉందని చూసుకోలేదు.

ఆయన కోలుకున్నారు. నేను కోలుకోలేదు.

రాత్రిళ్ళు ఆయన ఊపిరి వింటూ పడుకునేదాన్ని. స్నానానికి వెళ్ళి కాస్త ఆలస్యమైతే తలుపు కొట్టేదాన్ని. మా అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చినప్పుడు, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూపించే చేతిగడియారం ఒకటి కొని తండ్రికి పెట్టింది. పెట్టుకునేది ఆయనైనా చూసేది ఎప్పుడూ నేనే. అన్నం తింటున్న మనిషి ఎడమచెయ్యి పట్టుకుని తిప్పి చూసేదాన్ని. "అన్నమైనా తిన్నియ్యవేటే" అనేవారు. మొదట్లో నవ్వుతూ అనేవారు. తర్వాత్తర్వాత నవ్వడం మానేశారు.

కొండ సంగతి తెచ్చింది ఆయన స్నేహితుడు. ఇద్దరూ కంచరపాలెంలో ఒకే వీధిలో పెరిగారు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. ఆ లెక్కన నేను అతనికి చెల్లెమ్మను, అతని భార్యకు వదినను. ఆవిడను నేనూ వదినా అనే అంటాను. అతనికి సొంత కారుంది, దాన్నే అద్దెకు తిప్పుకుంటాడు. ఒకరోజు మా హాల్లో కూర్చుని టీ తాగుతూ అన్నాడు.

"బావా, ఈ శని ఆదివారాలు పాడేరు ఎల్దాం. అక్కడ కొండెక్కితే మబ్బులు కాళ్ళ కిందుంటాయంట. మనం పుట్టి ఇన్నేళ్ళయినాది, ఒక్క కొండైనా ఎక్కినామేటి?"

"కొండేమిటన్నయ్యా!" అన్నాను వంటింట్లోంచి. "ఆయనకి మెట్లే ఎక్కువని లిఫ్టున్న ఇల్లు వెతుక్కుంటున్నాం."

"ఏటి సెల్లెమ్మా, అలగ బయపడిపోతావు? ముసిలోళ్ళు కూడా ఎక్కేత్తన్నారంట."

మా ఆయన ముఖంలో ఆరు నెలలుగా కనబడని వెలుగొకటి కనబడింది. వద్దంటే వినే ముఖం కాదది.

డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయనైనా వద్దంటారని ఆశ. "ఎక్కనివ్వండమ్మా, మంచిదే. మెల్లగా ఎక్కమనండి, ఆయాసం వస్తే ఆగమనండి, మాత్రలు మాత్రం మానొద్దు" అన్నారు. ఇంకేదైనా జాగ్రత్త చెబుతారేమోనని ఫోన్ పట్టుకునే ఉన్నాను. ఆయన పెట్టేశారు.

గురువారం నాడు బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెప్పారు. ఆ మాట విని సంతోషించిన మనిషి విశాఖపట్నం మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. సాయంత్రానికి ముసురు పట్టింది. వదిన ఫోన్ చేసింది. ఆవిడ పుట్టిల్లు ఊళ్ళోనే సముద్రం ఒడ్డున, చేపలవేట చేసుకునే కుటుంబం. "మా అన్నయ్యోల్లు ఏటకెల్లలేదు వదినా. బోట్లన్నీ ఒడ్డుకి లాగీసినారు. నువ్వైనా సెప్పు ఈళ్ళకి" అంది. నేను చెప్పాను. "సముద్రంలో గాలికీ మన కొండకీ ఏటి సంబందం?" అన్నారు మా ఆయన బ్యాగులో చొక్కాలు సర్దుకుంటూ. ఆ బ్యాగులోనే మాత్రల డబ్బా నేను పెట్టాను. తర్వాత మరోసారి తీసి చూసి, మళ్ళీ పెట్టాను.

శనివారం బయల్దేరాం. అనకాపల్లి, చోడవరం దాటేదాకా చినుకులే. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే వాన పెద్దదైంది. మలుపు మలుపుకీ వదిన కవర్లో వాంతి చేసుకుంటూ, మధ్యలో తల ఎత్తి "ఇంకెంత దూరం?" అని అడిగేది. అద్దాల మీద పొగమంచు పేరుకుంటే స్నేహితుడు తువ్వాలుతో తుడుస్తూ ఒంటిచేత్తో స్టీరింగు తిప్పేవాడు. నేను ముందు సీట్లో ఉన్న మా ఆయన మెడ వైపే చూస్తూ కూర్చున్నాను. మనిషి వెనక నుంచి కూడా ఊపిరి తెలుస్తుంది, భుజాలు చూస్తే చాలు.

పాడేరులో దొరికిన లాడ్జిలో దుప్పట్లు తడితడిగా ఉన్నాయి. సాయంత్రం రోడ్డు పక్కన వెదురు బొంగుల్లో కోడిమాంసం కాలుస్తుంటే మగవాళ్ళిద్దరూ అక్కడే నిలబడిపోయారు. మా ఆయన రెండో ముక్కకు చెయ్యి చాచగానే "చాలండీ, ఉప్పెక్కువుంటుంది" అన్నాను. ఆకు అక్కడే పెట్టేసి చేతులు కడుక్కున్నారు. తినొద్దన్నదాన్ని నేనే అయినా, ఆయన అలా పక్కకు వెళ్ళిపోతే కోపం తెచ్చుకున్నా బాగుండేదనిపించింది.

ఆదివారం తెల్లారేసరికి వాన కురుస్తూనే ఉంది. హమ్మయ్య, ఇక ఇంటికే అనుకున్నాను. ఇడ్లీలు తినేలోగా తగ్గిపోయింది.

కొండ మొదట్లో కారు ఆపాం. అక్కడొక సన్నటి గెడ్డ పారుతోంది. మా వైపు కొండవాగును గెడ్డ అంటారు. నీళ్ళు పాదాలు తడిసేంతే ఉన్నాయి. రాళ్ళ మీద కాళ్ళు పెట్టుకుంటూ దాటేశాం. బ్యాగు కారులోనే వదిలేశాం, ఎందుకు మొయ్యడం, మధ్యాహ్నం భోజనం వేళకు దిగిపోతాం కదా అని. మాత్రల సంగతి నాకు గుర్తుంది. మధ్యాహ్నం వేసుకునేవి ఏవీ లేవు, మళ్ళీ సాయంత్రమే. అందుకే ఊరుకున్నాను.

దారంతా ఎర్రమట్టి, వానకు నాని జారుతోంది. చెప్పులు వేసుకొచ్చిన వదిన కాసేపటికి వాటిని విప్పి చేత్తో పట్టుకుంది. స్నేహితుడు ముందు, వెనక మా ఆయన, ఆయన వెనక నేను, నా వెనక వదిన. చుట్టూ ఏముందో నేను చూడలేదు. కాఫీ తోటలున్నాయని, మిరియాల తీగలున్నాయని తర్వాత వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. నాకు వినబడింది మా ఆయన ఊపిరి ఒక్కటే. బూట్లు బురదలో దిగబడే చప్పుడు, దాని మీద ఈల వేసినట్టు ఆ ఊపిరి.

"ఆగండి. ఒకసారి చెయ్యి ఇవ్వండి."

ఆగారు, ఇచ్చారు. గడియారంలో అంకె చూశాను. ఎక్కువగానే ఉంది. కొండెక్కేవాళ్ళకు ఎంత ఉండాలో నాకు తెలియదు, కానీ ఎక్కువగానే ఉందనిపించింది. ఇంకొంచెం దూరం వెళ్ళాక మళ్ళీ అడిగాను. మూడోసారి అడిగేసరికి చెయ్యి ఇవ్వలేదు.

అప్పుడే పైనుంచి కొంతమంది కుర్రాళ్ళు దిగుతూ ఎదురయ్యారు. "పైన ఏటీ కనపడ్డం లేదండి. అంతా తెల్లగా ఉంది. గాలి కూడా ఎక్కువైపోనాది" అన్నాడొకడు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు నేను దారి మధ్యలో నిలబడిపోయాను.

"విన్నారుగా. ఇంక పైకెళ్ళి ఏం చూస్తాం? దిగిపోదాం పదండి."

"సగం పైన వచ్చీసినాం" అన్నారు మా ఆయన.

"మీ పెదాలు చూసుకోండి, నల్లబడిపోయాయి. నా మాట వినండి. మీకేమైనా అయితే ఈ కొండ మీంచి ఎవరు మోస్తారండీ?"

ఆయన వెనక్కి తిరిగారు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటింది, ఆ ముఖం ఎప్పుడూ చూడలేదు.

"నాను సచ్చిపోతాననే కదా నీ బయం? ఆస్పత్రిలో ఒక్కసారే వచ్చినాది సావు. ఇంట్లో నువ్వు రోజూ తెత్తన్నావు. పొద్దున తెత్తన్నావు, అన్నం కాడ తెత్తన్నావు, బాత్రూము తలుపు కాడ తెత్తన్నావు."

చేతిగడియారం విప్పి నా అరచేతిలో పెట్టారు. "ఇదిగో, నువ్వే ఎట్టుకో" అని, మళ్ళీ వెనక్కి చూడకుండా ఎక్కడం మొదలుపెట్టారు. స్నేహితుడు ఒక క్షణం ఎటూ తేల్చుకోలేక నిలబడి, "నానుంటాను సెల్లెమ్మా ఆడితోటి, బెంగెట్టుకోకు" అని ఆయన వెంట పరుగెత్తాడు. తెల్లటి మంచులో ముందు మా ఆయన కాళ్ళు మాయమయ్యాయి, తర్వాత నీలం చొక్కా.

దారి పక్కన మూసేసిన టీ పాక ఒకటుంది. నేనూ వదినా దాని టార్పాలిన్ కింద బల్ల మీద కూర్చున్నాం. నాకు ఏడుపు రాలేదు. అరచేతిలో ఆ గడియారం ఆయన వేడితో ఇంకా వెచ్చగా ఉంది.

"మగోళ్ళు అలగే అంటారు వదినా" అంది వదిన చీరకొంగు పిండుకుంటూ. "బేగి వచ్చేత్తారు, సూడు."

రాలేదు. వాన మళ్ళీ మొదలైంది. ఈసారి చినుకులు కాదు, టార్పాలిన్ మీద కంకర పోసినట్టు పడింది. గాలికి ఒక మూల తాడు తెగి టార్పాలిన్ కొట్టుకోవడం మొదలైంది. ఎక్కడో ఉరిమింది. ఫోన్ తీసి చూస్తే సిగ్నల్ లేదు. చొక్కా తడిసి, చలిగాలిలో, కోపంతో ఎక్కుతున్న మనిషి నా కళ్ళముందు మెదిలాడు. కోపం కూడా గుండెకు మంచిది కాదని డాక్టరు చెప్పారు. ఆ కోపం తెప్పించింది నేనే.

"నేను పైకెళ్ళి చూసొస్తాను" అన్నాను లేచి.

"ఓలమ్మో, వద్దు వదినా! ఈ వానలో ఏటి కనపడతాది? వద్దంటే ఇనవేటి?"

"నువ్వు ఇక్కడే ఉండు. వాళ్ళు దిగొస్తే ఇక్కడికే వస్తారు కదా. నేను ఆ మలుపు దాకా వెళ్ళి పిలిచొస్తాను."

ఆ మలుపు దాకా వెళ్ళాను. పిలిచాను. తర్వాతి మలుపు దాకా వెళ్ళాను. ఒకచోట దారి రెండుగా చీలింది. నేను పెద్దదనుకున్నదాంట్లోనే నడిచాను. కాసేపటికి అది పశువులు నడిచే దారిలా సన్నబడింది. వెనక్కి తిరగబోతుంటే కాలు జారింది.

ఎంత లోతుకు జారానో చెప్పలేను. పొదలు పట్టుకోబోతే చేతిలోకి ఆకులొచ్చాయి. ఒక చెట్టు మొదలుకు తగిలి ఆగాను. ఎడమకాలు చీలమండ దగ్గర ఏదో చిటుక్కుమంది. లేవబోతే కళ్ళు బైర్లు కమ్మాయి.

అక్కడ, ఆ బురదలో, చెట్టును కావలించుకుని కూర్చున్నాను. చుట్టూ తెలుపు. కొండ ఎటు పైకి ఉందో ఎటు కిందికి ఉందో కూడా తెలియడం లేదు. "ఏవండీ" అని అరిచాను. నా గొంతు నా ముందే ఆగిపోయినట్టుంది. మళ్ళీ అరిచాను. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. నేనిక్కడున్నానని ఎవరికీ తెలియదు. ఆయన పైన ఎక్కడో పడిపోయి ఉంటే అది నాకు తెలియదు. ఆ రెండు ఆలోచనలూ ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ వచ్చాయి. ఊపిరి అందలేదు. చేతిలో గడియారం ఇంకా ఉందని అప్పుడు చూశాను. ఎందుకు పెట్టుకున్నానో తెలియదు, పోగొట్టకూడదనేమో, దాన్ని మణికట్టుకు కట్టుకున్నాను. కాసేపటికి అంకె వెలిగింది. ఆయనకు ఎప్పుడూ, ఆస్పత్రిలో కూడా, అంత పెద్ద అంకె నేను చూడలేదు. అది నాది.

ఎంతసేపయిందో. పైనుంచి ఎవరో పిలుస్తున్నారు. మొదట గాలి అనుకున్నాను. తర్వాత అది నా పేరని తెలిసింది. ఆయన నన్ను పేరు పెట్టి పిలవరు. ఇదిగో అంటారు, ఏమే అంటారు. నా పేరు ఆ గొంతులో విని, ఒక్క క్షణం పలకాలని కూడా తట్టలేదు.

"ఇక్కడ! ఇక్కడున్నానండీ!"

పొదలు కదిలాయి. కూర్చుని, పాకుతూ, జారుతూ దిగొచ్చారు. మోచేయి గీరుకుపోయి రక్తం కారుతోంది. వచ్చి నా ఎదురుగా మోకాళ్ళ మీద కూలబడి, నోటితో గాలి పీలుస్తూ ఉండిపోయారు. పైనుంచి స్నేహితుడు "దొరికినాదా బావా?" అని కేక వేశాడు. ఆయన చెయ్యి పైకెత్తి ఊపారు. ఆ మంచులో అది అతనికి కనబడేది కాదు.

"మీకు ఛాతీలో నొప్పి ఉందా?" అని అడిగాను. నా నోట్లోంచి మొదట వచ్చిన మాట అదే.

"ముందు నీ కాలు సూపించు."

"ఎడమచెయ్యి లాగుతోందా? చెమటలు పట్టాయా?"

"వానలో సెమటేటే! ఇది ఆయాసం. కొండెక్కినోడికి ఎవుడికైనా వచ్చీ ఆయాసం. కాలు సూపించంటే సూపించవేం?"

కాలు అప్పటికే బూరెలా ఉబ్బిపోయింది. దాన్ని చూసి ఆయన ముఖం పాలిపోయింది. తర్వాత చెప్పారు: వాళ్ళు పైదాకా వెళ్ళలేదట. కొంత దూరం ఎక్కి ఆగిపోయి, వాన పెద్దదవుతుంటే దిగి పాక దగ్గరకు వస్తే వదిన ఒక్కతే ఏడుస్తూ కూర్చుని ఉందట. అక్కడి నుంచి నన్ను వెతుక్కుంటూ మళ్ళీ పైకి పరుగెత్తారు. అంటే ఆ జారుడు దారిని ఆయన రెండుసార్లు ఎక్కారు, రెండోసారి పరుగున. ఇది విన్నాక నాకు ఇంకా భయం వేసింది.

స్నేహితుడు కూడా దిగొచ్చాక ఇద్దరూ చెరో పక్కన పట్టుకుని లేపారు. "మీరు వద్దు, అన్నయ్య చాలు, నా బరువంతా మీ మీద పడుతుంది" అన్నాను.

"పడనీ" అన్నారు, పట్టు వదలకుండా.

కుంటుకుంటూ, ఆగుతూ, ఒక్కోచోట కూర్చుని జారుతూ దిగాం. పాక దగ్గర వదినను కలుపుకున్నాం. ఆవిడ నన్ను చూసి తిట్టడం మొదలుపెట్టి మధ్యలో ఏడుపులోకి దిగింది. అడుగు వేసినప్పుడల్లా నా కాలు నరకం చూపించింది. అయినా నా చెవి ఆయన ఛాతీ పక్కనే ఉంది. ఆ దారి పొడుగునా ఆ చప్పుడు వింటూనే వచ్చాను. వేగంగా కొట్టుకుంటోంది, ఆగకుండా కొట్టుకుంటోంది.

కొండ దిగి చూస్తే గెడ్డ లేదు. మేము పొద్దున పాదాలు తడుపుకుంటూ దాటిన చోట ఎర్రటి నీళ్ళు విరుచుకుపడుతున్నాయి. మేము కాలు పెట్టిన రాళ్ళు ఎక్కడున్నాయో కూడా తెలియడం లేదు. మాలాగే చిక్కుకున్నవాళ్ళు పదిమంది దాకా ఒడ్డున నిలబడి ఉన్నారు. అవతల, కనబడేంత దూరంలోనే, మా కారుంది. దాంట్లో బ్యాగు, బ్యాగులో మాత్రలు.

"సాయంత్రం మాత్ర మానకూడదండీ. రక్తం పల్చబడ్డానికి వేసేది" అన్నాను.

"తెలుసు" అన్నారు.

ఒక కాలేజీ కుర్రాడు నడుముకు తువ్వాలు కట్టుకుని దాటడానికి దిగాడు. రెండడుగులు వేసేసరికి నీళ్ళు తొడల దాకా వచ్చి తోసేశాయి. తోటి కుర్రాళ్ళు చొక్కా పట్టుకుని లాగేశారు. ఇక ఎవరూ దిగలేదు.

కూర్చున్నాం. ఒక చదును రాయి మీద నా కాలు పెట్టుకుని, తడి దుపట్టా చుట్టుకుని కూర్చున్నాను. ఎవరో బిస్కెట్లు పంచారు. మా ఆయనకు వణుకు మొదలైంది. చొక్కా విప్పించి పిండి, వదిన దగ్గర పొడిగా మిగిలిన పాత తువ్వాలు ఒకటుంటే అది వీపు మీద కప్పాను. చేతులు నా చేతుల్లో పెట్టుకుని రుద్దాను. వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. వాన తగ్గినా నీళ్ళు తగ్గడం లేదు. కాసేపటికోసారి ఒడ్డున ఒకే రాయిని చూసేదాన్ని. అది మునిగే ఉంది.

వదిన మా పక్కన గొంతుక్కూర్చుని నీళ్ళ వైపే చూస్తోంది. "సిన్నప్పుడు గాలొచ్చినప్పుడు మా అమ్మ ఒడ్డున ఇలగే కూకునీది" అంది. "నాన్న బోటు కనపడీదాకా లేచీది కాదు. పిలిస్తే పలికీది కాదు. నాను అన్నం అడిగితే కసిరీది."

"వచ్చేవారా?" అని అడిగాను.

"వచ్చీవోడు. వచ్చినాక అమ్మ ఆడితోటి రెండ్రోజులు మాటాడీది కాదు."

మా ఆయన చిన్నగా నవ్వారు. ఆ రోజు మొత్తానికి మొదటి నవ్వు. స్నేహితుడూ వదినా నీళ్ళు చూడ్డానికి ఒడ్డు వెంబడి కాస్త దూరం వెళ్ళాక, నా వైపు చూడకుండా అన్నారు.

"పైకెల్లలేదు నాను. బావ ఎక్కుదామన్నాడు. నాకే కాళ్ళు రాలేదు."

"ఆయాసమా?"

"బయం. ఆస్పత్రి నుంచొచ్చిన కాడి నుంచీ ఉంది. షాపులో ఒక్కడ్నే ఉంటే బయం. మెట్ల కాడ బయం. ఛాతీలో సీమ కుట్టినట్టున్నా బయమే. నీకు సెప్తే నువ్వింకా బెంబేలైపోతావని సెప్పలేదు. కొండెక్కేత్తే పోతాదేమో అనుకున్నాను."

ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో నేనొక్కదాన్నే భయపడుతున్నాననుకున్నాను. ఆయన చేతులు రుద్దుతూనే ఉన్నాను.

"పోయిందా మరి?" అన్నాను చివరికి.

"ఎక్కడ పోనాది! నువ్వు పాకలో లేవని తెలిసినాక నా బయం సంగతి గురుతు లేదు. ఇప్పుడు కూకున్నాక మళ్ళీ వచ్చీసినాది."

వెలుతురు తగ్గుతుండగా అవతల ఒడ్డుకు పక్క ఊరివాళ్ళు కొందరు మోకు పట్టుకుని వచ్చారు. ఒక చివర మా ఒడ్డుకు విసిరి ఇక్కడ ఒక చెట్టుకు కట్టించి, రెండో చివర అవతల ఇంకో చెట్టుకు కట్టారు. నీళ్ళు అప్పటికి కాస్త తగ్గినా మోకాళ్ళ పైదాకా ఉన్నాయి. ఒక్కొక్కరినే మోకు పట్టుకుని దాటమన్నారు. వదిన ముందు వెళ్ళింది. నీళ్ళు అలవాటున్న మనిషి, తడబడకుండా వెళ్ళిపోయింది. నన్ను స్నేహితుడు వీపున ఎక్కించుకున్నాడు. మా ఆయన వెనక, ఒక చేత్తో మోకు, ఇంకో చేత్తో నా నడుము పట్టుకుని.

సగం దూరం వెళ్ళాక వెనక నుంచి ఆ చెయ్యి జారిపోయింది.

తిరిగి చూశాను. ఆయన నడుము దాకా నీళ్ళలో కూలబడి ఉన్నారు. ఒక్క చేత్తో మోకుకు వేలాడుతున్నారు. నేను అరిచాను. ఏమని అరిచానో నాకు తెలియదు. "కదలకు సెల్లెమ్మా, ఇద్దరం పోతాం!" అన్నాడు స్నేహితుడు. అతని మెడను ఎంత గట్టిగా పట్టుకున్నానో, మర్నాడు అక్కడ నా గోళ్ళ గుర్తులున్నాయి. అవతల నుంచి ఇద్దరు మనుషులు మోకు వెంబడి దిగి ఆయన చంకల కింద చేతులు వేసి లేపారు. రాయి మీద కాలు జారిందట, అంతే. ఒడ్డుకు చేరి బురదలో కూర్చుని దగ్గుతూ, "ఏటీ అవలేదు, ఏటీ అవలేదు" అన్నారు నాతో, నేను అడక్కముందే.

కారులో ఆయన మాత్ర వేసుకుని, అది గొంతు దిగడం చూశాక అప్పుడు ఏడ్చాను. ఎవరూ ఆపలేదు.

పాడేరు ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు ఒక చిన్న అమ్మాయి. నా కాలు చూడబోతే, "ముందు ఆయనకి ఈసీజీ తియ్యండమ్మా" అన్నాను. నా ముఖం చూసి వాదించలేదు. కాగితం బయటికొస్తున్నంతసేపూ మా ఆయనే నా చెయ్యి పట్టుకున్నారు. ఆ పట్టులో ఆయన భయం నాకు తెలిసింది. ఎన్నడూ లేనిది దాన్ని ఆయన దాచుకోలేదు. "బాగానే ఉంది" అందా అమ్మాయి. "మీకే ఎముక చిట్లి ఉంటుంది. ఎక్స్‌రే తీద్దాం."

చిట్లింది. కట్టు వేసుకుని నెలన్నర మంచం మీదున్నాను. బడికి సెలవు పెట్టాను. మా ఆయన వంట నేర్చుకున్నారు. సాంబారులో చింతపండు ఎంత వెయ్యాలో ఇప్పటికీ తెలియదు. భయాలు పోలేదు. కానీ ఆయనకు ఛాతీలో ఏదైనా అనిపిస్తే చెబుతారు. "ఇక్కడ కుట్టినట్టుంది" అని, కాసేపయ్యాక "పోనాది" అని. మొదట్లో నేను ఎగిరిపడేదాన్ని. ఇప్పుడు పక్కన కూర్చుంటాను. గడియారం ఇద్దరం ఎవరికి తోస్తే వాళ్ళం పెట్టుకుంటాం.

చలికాలంలో వాళ్ళిద్దరూ మళ్ళీ బయల్దేరారు. ఈసారి తగరపువలస అవతల ఏదో చిన్న కొండ, ఎండ కాస్తున్న ఆదివారం. నేను వెళ్ళలేదు. వెళ్ళొద్దని కూడా అనలేదు. వదిన పొద్దున్నే మా ఇంటికి వచ్చేసింది, వాళ్ళ అన్నయ్యలిచ్చిన పండుగొప్ప చేప సంచిలో వేసుకుని. వంటింట్లో కింద కూర్చుని ఆవిడ పొలుసు తీస్తుంటే నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను.

"మజ్జానం దాకా సిగ్నలుండదంట వదినా" అంది. "ఊరికే ఫోను సూడకు."

"చూడ్డం లేదు" అన్నాను.

చూస్తూనే ఉన్నాను. ఆవిడ చేప పొలుసంటిన చేతుల్ని కడుక్కుని, తన ఫోన్ కూడా తీసి నా ఫోన్ పక్కన పెట్టి, మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది.